లైంగిక నేరస్థుల జాబితా అందరి ముందూ పెడితే పిల్లలకు రక్షణ పెరుగుతుందా?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం రెండు తెలుగు రాష్ట్రాలనూ కుదిపేసింది. డిసెంబరు 6న తెల్లవారుజామున నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మరో వారానికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లులను ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు, ఉరిశిక్ష అన్న రెండు మాటల చుట్టూనే అప్పటి టీవీ చర్చలన్నీ తిరిగాయి. ఆ బిల్లుల్లోనే ఉన్న మరో నిబంధన మీద ఎవరి దృష్టీ పెద్దగా పడలేదు. మహిళలు, పిల్లలపై నేరాలు చేసినవాళ్ల వివరాలతో ప్రభుత్వం ఒక ఎలక్ట్రానిక్ రిజిస్ట్రీ పెట్టాలని, దాన్ని జనమంతా చూసే వీలుండాలని ఆ నిబంధన చెప్పింది. రాష్ట్రపతి ఆమోదం రాక చట్టం అమల్లోకి రాలేదు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. ఎక్కడ ఏ దారుణం జరిగినా "వాడి ఫొటో, అడ్రసు ఊరంతా అంటించాలి" అనే మాట మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ పని నిజంగా చేసి చూసిన దేశం అమెరికా. ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది. కాబట్టి దీనిమీద ఊహలతో వాదించుకోవాల్సిన అవసరం లేదు, ఫలితాలు కళ్లముందే ఉన్నాయి.

అక్కడ ఎవరైనా సరే వెబ్‌సైట్ తెరిచి తమ పిన్‌కోడ్ కొడితే చుట్టుపక్కల ఉంటున్న నేరస్థుల చిట్టా వస్తుంది. ఫొటో, వయసు, ఎత్తు, బరువు, ఇంటి చిరునామా, పడిన శిక్ష తాలూకు సెక్షను, కొన్ని రాష్ట్రాల్లో బండి నంబరు కూడా. అమెరికాలో ఇల్లు కొనాలనుకునే మన తెలుగువాళ్లు కూడా స్కూల్ రేటింగ్ ఎంతో చూసుకున్నట్టే ఈ మ్యాపు కూడా ఒకసారి చూసుకోవడం మామూలే. ఆ మ్యాపుకి మార్కెట్లో విలువ కూడా ఉంది. నార్త్ కరోలినాలోని ఒక కౌంటీలో ఇళ్ల అమ్మకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, రిజిస్ట్రీలో ఉన్న వ్యక్తి వచ్చి చేరితే ఆ పక్కనే ఉన్న ఇళ్ల ధరలు సుమారు 4 శాతం తగ్గుతున్నాయని 2008లో లెక్క తేల్చారు. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటి జాబితాల్లో ఉన్నవాళ్లు ఏడున్నర లక్షలకు పైమాటే.

ఇదంతా ఇద్దరు పిల్లల విషాదం నుంచి పుట్టింది. 1989 అక్టోబరులో మిన్నెసోటాలోని ఒక చిన్న ఊళ్లో సైకిల్ మీద ఇంటికొస్తున్న పదకొండేళ్ల జాకబ్ వెటర్లింగ్‌ని ముసుగు వేసుకున్న ఒకడు ఎత్తుకుపోయాడు. ఆ ప్రాంతంలో పాత నేరస్థులెవరున్నారో పోలీసుల దగ్గర లిస్టు ఉంటే దర్యాప్తు తేలికయ్యేదని తల్లి ప్యాటీ వెటర్లింగ్ పోరాడింది. 1994లో కేంద్ర చట్టం వచ్చింది. అప్పటికి ఆ లిస్టు ప్రధానంగా పోలీసుల కోసమే. అదే ఏడాది జులైలో న్యూజెర్సీలో ఏడేళ్ల మేగన్ కాంకాను ఎదురింటి వ్యక్తి చంపాడు. అతనికి అంతకుముందే పిల్లలపై నేరాల్లో శిక్షలు పడ్డాయి. అదే ఇంట్లో అలాంటివాళ్లే మరో ఇద్దరు కాపురం ఉంటున్నారు. ఆ సంగతి వీధిలో తల్లిదండ్రులకు తెలియదు. "మాకు తెలిసుంటే పాపను అటు వెళ్లనిచ్చేవాళ్లమే కాదు" అన్న ఆ కుటుంబం వాదనకు ఎదురు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? 1996లో మేగన్ పేరుతో వచ్చిన చట్టం జాబితాను జనంలోకి తెచ్చింది. 2006లో వచ్చిన ఆడమ్ వాల్ష్ చట్టం పేరు జాబితాలో ఉండే కాలానికి నేరాన్నిబట్టి 15 ఏళ్లు, 25 ఏళ్లు, జీవితాంతం అని మూడు మెట్లు పెట్టింది. పై మెట్టులో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి స్వయంగా వచ్చి హాజరు వేయించుకోవాలి.

జాకబ్ కేసు తేలడానికి 27 ఏళ్లు పట్టింది. 2016లో నేరం ఒప్పుకుని శవం ఉన్న చోటు చూపించిన వ్యక్తికి, జాకబ్‌ని ఎత్తుకుపోయేనాటికి, లైంగిక నేరంలో శిక్ష పడిన చరిత్ర లేదు. అంటే ప్యాటీ వెటర్లింగ్ కోరిన రిజిస్ట్రీ 1989లోనే ఉండి ఉన్నా అందులో అతని పేరు ఉండేది కాదు. ఆమె కూడా తర్వాతి కాలంలో ఈ చట్టాలు హద్దు మీరిపోయాయని, అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నాయని బహిరంగంగా చెప్పింది.

ఇది ఒక్క కేసు ముచ్చట కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు దశాబ్దాల అరెస్టుల రికార్డులు తీసి 2008లో చేసిన అధ్యయనంలో, లైంగిక నేరాల్లో పట్టుబడ్డవాళ్లలో 95 శాతానికి పైగా అంతకుముందు అలాంటి నేరంలో శిక్ష పడనివాళ్లేనని తేలింది. రిజిస్ట్రీ అనేది ఒకసారి దొరికినవాళ్ల చిట్టా. రాబోయే నేరం చాలావరకు ఇంకా దొరకనివాడి నుంచే వస్తుంది. మేగన్ చట్టం పుట్టిన న్యూజెర్సీలోనే, చట్టానికి ముందూ తర్వాతా విడుదలైనవాళ్లను పోల్చి చూస్తే, మళ్లీ నేరం చేయడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

మరి ఒకసారి దొరికినవాడు తప్పకుండా మళ్లీ చేస్తాడన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2002లో అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ కెనడీ, చికిత్స తీసుకోని లైంగిక నేరస్థుల్లో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారని, ఈ ప్రమాదం భయపెట్టేంత ఎక్కువని రాశారు. మరుసటి ఏడాది అలాస్కా రిజిస్ట్రీ మీద వచ్చిన కేసులో 6-3 మెజారిటీతో ఇచ్చిన తీర్పులో ఆ మాటే మళ్లీ వాడారు. పేరు ప్రకటించడం శిక్ష కాదు, ప్రజల భద్రత కోసం చేసే పాలనాపరమైన ఏర్పాటు మాత్రమే, కాబట్టి పాత నేరాలకు కూడా వర్తింపజేయొచ్చు అని తేల్చారు. కింది కోర్టులు ఏళ్ల తరబడి ఆ అంకెను కళ్లకద్దుకుని వాడుకున్నాయి. 2015లో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఐరా ఎల్మన్, టారా ఎల్మన్ దాని మూలం ఎక్కడుందో తవ్వి చూశారు. కోర్టు ఆధారపడింది ప్రభుత్వం 1988లో వేసిన ఒక మార్గదర్శక పుస్తకం మీద. ఆ పుస్తకం ఆధారపడింది 1986లో ఒక జనరంజక సైకాలజీ పత్రికలో వచ్చిన వ్యాసం మీద. అది రాసింది జైల్లో చికిత్సా కార్యక్రమం నడిపే ఒక కౌన్సిలర్. ఆ వ్యాసంలో 80 శాతం అన్న వాక్యం పక్కన ఏ లెక్కా లేదు, ఏ సర్వేనూ లేదు. లక్షలమంది బతుకుల మీద ప్రభావం చూపిన అంకె అది!

లెక్క కట్టి చూస్తే వచ్చేది వేరే చిత్రం. 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన లైంగిక నేరస్థులను అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం తొమ్మిదేళ్లపాటు గమనించింది. వాళ్లలో అత్యాచారం, లైంగిక దాడి కేసుల్లో మళ్లీ అరెస్టయినవాళ్లు 7.7 శాతం. ఇతర నేరాలు చేసి విడుదలైనవాళ్లలో అదే కేసుల్లో అరెస్టయినవాళ్లు 2.3 శాతం. కాబట్టి మిగతా ఖైదీలకంటే ప్రమాదం మూడింతలు ఎక్కువన్నది నిజం, ఆ సంగతి దాచాల్సిన పనిలేదు. అరెస్టు దాకా రాని నేరాలు బోలెడు ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుందనే అభ్యంతరమూ సరైందే. అయినా 80కీ, 7.7కీ మధ్య ఉన్న అగాధాన్ని ఆ అభ్యంతరం పూడ్చలేదు. పైగా బయటికొచ్చాక నేరం లేకుండా గడిచే ఒక్కో ఏడాదికీ ప్రమాదం తగ్గుతూ పోతుందని దీర్ఘకాల పరిశోధనలు చెబుతున్నాయి. జీవితాంతం పేరు వేలాడదీసే చట్టానికి ఈ సంగతి పట్టదు.

అన్నిటికంటే ఉపయోగపడే అధ్యయనం ప్రెస్కాట్, రాకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించింది. పదిహేను రాష్ట్రాల సమాచారం తీసుకుని వాళ్లు రెండు విషయాలను విడదీసి చూశారు: పోలీసుల దగ్గర జాబితా ఉండటం ఒకటి, అది జనం చేతికి రావడం ఇంకొకటి. పోలీసులకు మాత్రమే తెలిసినప్పుడు నేరాలు తగ్గాయి. ఎవరు ఎక్కడున్నారో స్టేషన్‌కి తెలుసన్న భయం పనిచేసింది. జనానికి తెలియజేసినప్పుడు, తమ పేరూ రేపు అలా ఎక్కుతుందేమోనని ఇంకా దొరకనివాళ్లు కొంత వెనక్కి తగ్గారు. కానీ అప్పటికే పేరెక్కినవాళ్లలో మళ్లీ నేరాలు పెరిగే సూచనలు కనిపించాయి. ఎందుకని అంటే, ఉద్యోగం రాదు, ఇల్లు అద్దెకివ్వరు, చుట్టాలు గుమ్మం తొక్కనివ్వరు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడికి జైలంటే భయం ఏముంటుంది?

అది కళ్లారా చూడాలంటే మయామీ వెళ్లాలి. అక్కడి స్థానిక శాసనం ప్రకారం ఇలాంటి నేరస్థులు స్కూలుకి కనీసం 2,500 అడుగుల దూరంలో ఉండాలి. నగరం మ్యాపు మీద ఒక్కో స్కూలు చుట్టూ ఆ కొలతతో సున్నా గీస్తూ పోతే, అద్దె ఇల్లు దొరికే చోటంటూ దాదాపు మిగల్లేదు. దాంతో సముద్రపు పాయ మీద ఉన్న జూలియా టటిల్ వంతెన కింద టెంట్లు, అట్టపెట్టెల గుడిసెలు లేచాయి. ఒక దశలో వందమందికి పైగా అక్కడే బతికారు. కొందరి డ్రైవింగ్ లైసెన్సులో చిరునామా కూడా ఆ వంతెనే. రాత్రి కర్ఫ్యూ వేళల్లో వాళ్లు అక్కడే ఉన్నారా లేదా అని అధికారులు వచ్చి చూసి పోయేవారు. పైన ట్రాఫిక్, కింద ఎలుకలు, కరెంటు లేదు, నీళ్లు లేవు. 2010లో ఆ శిబిరం ఎత్తేశారు గానీ రూలు మారక మరోచోట మరో గుంపు తయారైంది. చికిత్స, పని, కుటుంబం ఉన్నవాడు నేరానికి దూరంగా ఉంటాడని ఒక పక్క చెబుతూ, మరో పక్క ఆ మూడింటినీ లాగేసుకునే ఏర్పాటు ఇది.

న్యాయం సంగతికొస్తే, జాబితాలో ఉన్నవాళ్లందరూ జనం ఊహించుకునే రాక్షసులు కారు. రోడ్డు పక్కన మూత్రం పోసినందుకు కూడా రిజిస్టర్ చేయించే రాష్ట్రాలు కనీసం 13 ఉన్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2007లో లెక్కతేల్చింది. ఒకరినొకరు ఇష్టపడ్డ టీనేజర్లను జాబితాకెక్కించే రాష్ట్రాలు కనీసం 29. (మన ఊళ్లలో మొదటి రూలు పెడితే రిజిస్ట్రీలో లేని మగవాణ్ణి వెతుక్కోవాలి.) 2006 ఏప్రిల్‌లో కెనడా యువకుడొకడు అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్ర వెబ్‌సైట్‌లో ముప్ఫైకి పైగా పేర్లు వెతికి, అందులో ఇద్దరి ఇళ్లకు వెళ్లి కాల్చి చంపాడు, తర్వాత తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకతనికి 24 ఏళ్లు. పంతొమ్మిదేళ్ల వయసులో, పదహారు నిండటానికి రెండు వారాల దూరంలో ఉన్న తన గర్ల్‌ఫ్రెండ్‌తో కలవడం అతని నేరం. వెబ్‌సైట్‌లో ఆ వివరం ఉండదు, సెక్షన్ నంబరు ఉంటుంది, దాని పక్కన ఇంటి అడ్రసు.

పద్నాలుగేళ్లు దాటిన పిల్లల్ని కూడా కొన్ని తీవ్ర నేరాలకు రిజిస్టర్ చేయాలని 2006 చట్టం అడిగింది. అలా పేరెక్కిన మగపిల్లలను, అలాంటి నేరమే చేసినా పేరెక్కనివాళ్లను పోల్చిన ఒక అధ్యయనంలో, పేరెక్కినవాళ్లు ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం నాలుగింతలుగా తేలింది. పెద్దవాళ్లు లైంగిక ఉద్దేశంతో వాళ్లను సమీపించడం కూడా దాదాపు ఐదింతలు. పిల్లల రక్షణ కోసమని పెట్టిన జాబితా ఆ పిల్లల దగ్గరికే కొత్త ముప్పును తెచ్చిపెట్టింది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. అక్కడ 1997 నుంచి పోలీసుల రిజిస్టర్ ఉంది, జనానికి తెరిచి పెట్టలేదు. 2000 వేసవిలో ఎనిమిదేళ్ల సారా పేన్ హత్య తర్వాత ఒక వారపత్రిక నేరస్థుల పేర్లు, ఫొటోలు అచ్చేయడం మొదలుపెట్టింది. పోర్ట్స్‌మత్‌లోని పాల్స్‌గ్రోవ్ కాలనీలో జనం రోజుల తరబడి ఇళ్ల మీద పడ్డారు. ఏ నేరమూ చేయని కుటుంబాలు కూడా ఇళ్లు వదిలి పారిపోవాల్సి వచ్చింది. అది చూశాక ప్రభుత్వం మధ్యేమార్గం ఎంచుకుంది. 2008లో ప్రయోగాత్మకంగా మొదలై 2011కి ఇంగ్లండ్, వేల్స్ అంతటా వచ్చిన పద్ధతిలో, తమ బిడ్డతో మెలుగుతున్న ఫలానా మనిషి గురించి తల్లో తండ్రో పోలీసులను అడగొచ్చు. పోలీసులు రికార్డులు చూసి, నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే, బిడ్డను కాపాడగలిగే స్థితిలో ఉన్నవాళ్లకే ఆ సంగతి చెబుతారు. దాన్ని గుట్టుగా ఉంచుకోవాలి. జీవితాంతం రిజిస్టర్‌లో ఉంచి, పునఃపరిశీలనకు దారి లేకుండా చేయడం మానవ హక్కులకు విరుద్ధమని 2010లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పడంతో, పెద్దవాళ్లు 15 ఏళ్ల తర్వాత దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా వచ్చింది.

మన దేశంలో ఉన్నది పోలీసుల జాబితాయే. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ప్రారంభించింది, నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో దాన్ని నడుపుతోంది. మొదట్లోనే 4.4 లక్షల ఎంట్రీలు ఉన్నాయి. మామూలు జనానికి అది తెరుచుకోదు. ఇది మన పోలీసు స్టేషన్లకు కొత్త సంగతేం కాదు. రౌడీ షీట్లు, హిస్టరీ షీట్లు తరతరాలుగా ఉన్నాయి, ఊళ్లో గొడవ జరిగితే ముందు పిలిచేది ఆ షీట్లలో ఉన్నవాళ్లనే. వాటిలో ఎవరి పేర్లు ఎక్కుతాయో కూడా అందరికీ తెలుసు. 2024 మేలో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రం, అది బజారుకెక్కడానికి వీల్లేదని చెప్పింది. వెనకబడిన వర్గాలవాళ్లని యాంత్రికంగా అందులోకి ఎక్కించొద్దని హెచ్చరించింది. జాబితాను వెబ్‌సైట్‌లో పెట్టాలనేవాళ్లు మొదట జవాబు చెప్పుకోవాల్సింది ఈ తీర్పుకే.

పైగా మన దగ్గర అడ్రసులకు ఉన్న విశ్వసనీయత ఎంత? ఎఫ్ఐఆర్‌లో రాసిన ఇంటి నంబరు, కేసు తేలేసరికి ఇంకొకరు అద్దెకుంటున్న ఇల్లు అయిపోతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, తాత పేరే పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు నలుగురు ఉంటారు. ఇంటిపేరు చూస్తే కులం కూడా తెలిసిపోతుంది. సెషన్స్ కోర్టు వేసిన శిక్షను అయిదారేళ్ల తర్వాత హైకోర్టు కొట్టేస్తే వెబ్‌సైట్ నుంచి పేరు తీసేయొచ్చు, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న స్క్రీన్‌షాట్ తీసేదెవరు? పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో ప్రేమ వ్యవహారాలూ తక్కువేం కాదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల్లో 2016-20 మధ్య వచ్చిన 7,064 తీర్పులను పిల్లల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఫోల్డ్ సంస్థ చదివితే, 1,715 అలాంటివేనని తేలింది. వాటిలో ఎక్కువ భాగం నిర్దోషిగా విడుదలతోనే ముగిశాయి. శిక్ష పడిన కొద్దిమందిని మాత్రం రిజిస్ట్రీ జీవితాంతం వదలదు. శంషాబాద్ కేసు నిందితుల్లో ముగ్గురు మైనర్లేనని, ఎన్‌కౌంటర్‌పై పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చినప్పుడు చెప్పింది. ఆ నిజం తెలిసేసరికి వాళ్ల ఫొటోలు దేశమంతా తిరిగేశాయి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం నేరస్థుడి హక్కుల గురించి కాదు, బాధితురాలి గురించి. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో 2021 లెక్కల్లో నమోదైన 31,677 అత్యాచార కేసుల్లో నూటికి 96కి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. ఇంట్లోవాడు, పక్కింటివాడు, స్నేహితుడు, పనిచ్చినవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో నాలుగేళ్ల పాపపై జరిగిన దారుణంలో దోషిగా తేలింది ఆ స్కూలు ప్రిన్సిపల్ దగ్గర పనిచేసే డ్రైవరే. తల్లిదండ్రులు మ్యాపు మీద వెతుక్కునే అపరిచితుడు కాదు.

ఆ తెలిసినవాడు కన్నతండ్రే అయితే వెబ్‌సైట్ పేజీ ఎలా ఉంటుందో ఊహించండి. పేరు, ఫొటో, ఊరు, వీధి, ఇంటి నంబరు. సెక్షన్ అన్న గడిలో పోక్సో 5(ఎన్). రక్తసంబంధమో, పెళ్లివల్లో దత్తతవల్లో వచ్చిన బంధుత్వమో ఉన్నవాడు బిడ్డపై చేసే నేరానికి సంబంధించిన ఉపసెక్షన్ అది. ఆ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో వీధికంతా తెలుసు. పేజీ తెరిచిన మరుక్షణం బాధితురాలెవరో ఊరికంతా తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఏ గుర్తింపునైతే కాపాడాలని చెబుతున్నాయో, దాన్ని ప్రభుత్వమే బయటపెట్టినట్టవుతుంది. సెక్షన్ దాచిపెడితే, ఏ నేరమో తెలియని జాబితా ఎందుకు? అడ్రసు దాచిపెడితే, అసలు ఆ రిజిస్ట్రీయే ఎందుకు?

ఇది ముందే తెలిసిన తల్లి ఏం చేస్తుంది? కేసు పెట్టాలా వద్దా అన్న టెన్షన్ ఇప్పటికే ఆమెను పీక్కుతింటోంది. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెడతారు, అత్తింటివాళ్లు పరువు అంటారు. దానికి తోడు "నీ మొగుడి ఫొటో జీవితాంతం ఇంటర్నెట్‌లో ఉంటుంది, నీ రెండో కూతురికి పెళ్లెలా అవుతుంది" అన్న మాట కూడా చేరితే ఆమె స్టేషన్ మెట్లు ఎక్కడం ఇంకా కష్టమవుతుంది. అమెరికాలోనూ ఇలాంటి దెబ్బే తగిలింది. సౌత్ కరోలినాలో పేర్లు ఆన్‌లైన్‌కి ఎక్కాక, రిజిస్ట్రీ అవసరం లేని చిన్న సెక్షన్ కిందికి కేసు మార్చుకుని నేరం ఒప్పుకునే బేరాలు పెరిగాయని, పిల్లలు నిందితులైన కేసుల్ని ముందుకు తీసుకెళ్లడానికి ప్రాసిక్యూటర్లే వెనకాడారని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో తీర్పు దాకా వచ్చిన అత్యాచార కేసుల్లో శిక్ష పడేది 2022లో 27 శాతం చిల్లర. ఆ అంకె ఇంకా దిగజారే పని ఏదీ రక్షణ అనిపించుకోదు.

జాతీయ డేటాబేస్‌తో చేయగలిగిన పని మాత్రం చాలా ఉంది. స్కూలు బస్సు డ్రైవరు, హాస్టల్ వార్డెన్, డ్యాన్స్ మాస్టారు, ట్యూషన్ చెప్పేవాడు, అనాథాశ్రమం వాచ్‌మన్ వంటి వాళ్లు ఎవరు పనిలో చేరాలన్నా ముందు పోలీసుల దగ్గర ఆ జాబితాలో వెతికించడం తప్పనిసరి చేయొచ్చు. బ్రిటన్‌లో పిల్లలతో పనిచేసేవాళ్లకు ఇలాంటి తనిఖీ ఉంది. జవాబు యాజమాన్యం చేతికి కాగితంగా వెళ్తుంది, గోడ మీదికి కాదు. తన బిడ్డతో చనువుగా ఉంటున్న మనిషి గురించి అనుమానం వచ్చిన తల్లికి, బ్రిటన్ తరహాలో, స్టేషన్‌లో అడిగే హక్కు ఇవ్వొచ్చు. పదిహేనేళ్లు ఏ కేసూ లేకుండా గడిపినవాడికి పేరు తీసేయమని అడిగే దారి ఉండాలి, మైనర్ల పేర్లు అసలు జాబితాలోకే ఎక్కకూడదు. ఇక్కడ పనిచేయాల్సింది వెబ్‌సైట్ కాదు, స్టేషన్‌లో ఆ దరఖాస్తు తీసుకుని, వారంలోపు జవాబిచ్చే సిబ్బంది.